గాలి తాగే మలుపు

పాత పంపుహౌసు మలుపు దగ్గర రాత్రిపూట ఎవరూ బండి ఆపరు. ఆపితే టైర్లో గాలి మిగలదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

ఎప్పుడో కాలవ నీళ్లు పొలాలకు ఎక్కించడానికి కట్టిన పంపుహౌసు అది. మోటార్లు ఎత్తుకుపోయారు, తలుపులు ఎత్తుకుపోయారు, ఆఖరికి కిటికీ చువ్వలు కూడా ఊడబీక్కుపోయారు. గోడలూ చీకటీ మిగిలాయి. అందులో పనిచేసిన పంపు ఆపరేటరు ఒక రాత్రి లోపల చిక్కుకుని, ఊపిరాడక పోయాడట. అప్పట్నుంచీ వాడికి గాలి చాలదు. అటు వెళ్లే బండి కాస్త నెమ్మదించిందా... చీకట్లోంచి లేచి వస్తాడు. చెవి పక్కగా వంగి అడుగుతాడు—

"గాలి... ఉందా?"

ఉందన్నా తాగుతాడు, లేదన్నా తాగుతాడు. ముందు టైర్లో గాలి. అది చాలకపోతే మనిషిలో గాలి.

ఇంత వివరంగా చూసొచ్చిందెవరు అని దెయ్యం కథల్లో అడక్కూడదు. అడిగితే కథ నడవదు. కానీ ఈ కథలో మాత్రం ఆ ప్రశ్నకు జవాబు ఉంది. ఎవరూ చూడలేదు. ఆ దెయ్యాన్ని పుట్టించింది గాలి బాబాయి.

నాలుగు రోడ్ల కూడలిలో టైర్ల కొట్టు ఆయనది. అందరికీ ఆయన గాలి బాబాయి, ఆయన భార్య పిన్ని. పాతికేళ్ల కిందట ఒక లారీ డ్రైవరు, టైర్లు సగం నేలకంటుకున్నా గాలి చూపించుకోకుండా పోతుంటే బాబాయికి ఒళ్లు మండింది. "వెళ్లు వెళ్లు, ఆ మిగిలింది కూడా పంపుహౌసు మలుపులోవాడు తాగేస్తాడు," అన్నాడు. ఎవడు వాడు అని డ్రైవరు అడిగాడు. బాబాయి నోటికొచ్చింది చెప్పాడు.

నరం లేని నాలుక కదా. వారం తిరక్కుండా ఆ కథ ఊళ్లన్నీ తిరిగి, బాగా ఒళ్లు చేసి మళ్లీ కొట్టుకే వచ్చింది. ఒకడు దానికి మీసాలు పెట్టాడు. ఇంకొకడు దగ్గు పెట్టాడు. ఆ మలుపు మీదుగా పోయే ప్రతివాడూ ముందు బాబాయి కొట్టు దగ్గర ఆగి గాలి చూపించుకోవడం మొదలుపెట్టాడు. కాదని చెప్పడానికి బాబాయికి నోరు రాలేదు. దెయ్యం భయంతోనైనా టైర్లలో గాలి సరిగ్గా ఉంటే మంచిదేగా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి తెలిసిన మనిషి పిన్ని ఒక్కతే. ఆవిడ కూడా, "ఎప్పటికైనా అది నీ ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది చూడు," అని ఊరుకుంది.

కాబట్టి ఆ దారిన అర్ధరాత్రి ఈల వేసుకుంటూ పోగల మగాడు ఒక్కడే. దెయ్యం లేదని ఆయనకున్నంత గట్టి నమ్మకం మరెవరికీ లేదు మరి.

ఆ రాత్రి కూడా ఈల వేసుకుంటూనే వస్తున్నాడు.

ఒక కోత మిషను చేలో దిగబడి, దాని పెద్ద టైరు రిమ్ములోంచి ఊడిపోతే సాయంత్రం కబురొచ్చింది. వెళ్లి, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని మళ్లీ ఎక్కించేసరికి పన్నెండయింది. స్కూటరుకి కట్టుకెళ్లిన గాలి సిలిండరు ఖాళీ. తాడు తెగింది. సబ్బు బిళ్ల అరిగి అరిగి పలుకంత మిగిలింది. మిగిలిన సామానల్లా ఒక జాకీ, రెండు ఇనుప కమ్మీలు, చేత్తో గాలి కొట్టే, చెక్క పిడి ఉన్న పాత పంపు. ఆ పంపు ఆయన గురువుగారిది. ఎవరినీ ముట్టుకోనివ్వడు.

మలుపు ఇంకో వంద గజాలుందనగా మొదట శబ్దం వినిపించింది.

గుంయ్... మ్... మ్...

స్కూటరుదేమో అనుకుని ఇంజను ఆపాడు. శబ్దం ఆగలేదు. ఒక గొంతు కాదు... వందల గొంతులు నోళ్లు మూసుకుని ఒక్కసారే మూలుగుతున్నట్టుంది.

"కాలవ నీళ్లు," అనుకున్నాడు బాబాయి. కాలవలో నీళ్లొచ్చి రెండు నెలలైందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

స్కూటరు మళ్లీ స్టార్టు కాలేదు. ఇలాంటి చోట ఏ స్కూటరూ స్టార్టు కాదు. నాలుగు తన్నులు తన్ని, తోసుకుంటూ నడిచాడు. ఈల మాత్రం ఎక్కడో జారిపోయింది.

మలుపు తిరిగాడు.

ఎర్రగా ఒక కన్ను... నేలకు నాలుగడుగుల ఎత్తున. రెప్ప వెయ్యడం లేదు. దాని చుట్టూ పొగ. ఆ పొగలోంచి తెల్లటి ఆకారం ఒకటి మెల్లగా లేచింది. చేతులున్నాయి. తలుంది. తల మీద గొడుగులాంటి టోపీ ఉంది. టోపీ కింద ముఖం ఉండాల్సిన చోట... ముఖం లేదు. నల్లగా, ఖాళీగా ఉంది.

ఆకారం ఒక అడుగు ముందుకేసింది. గుసగుసగా అడిగింది—

"గాలి... ఉందా?"

బాబాయి పై ప్రాణాలు పైనే పోయాయి.

అదే మాట. పాతికేళ్ల కిందట లారీ డ్రైవరుకి తను చెప్పిన మాట. 'నువ్వు లేవు కదా! నిన్ను నేనే కదా కల్పించింది!' అని అరవాలనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం "ఊఁ" అన్న చిన్న మూలుగు.

"గట్టిగా అనకు," అంది ఆకారం, ఇంకా మెల్లగా. "లేస్తాయి..."

ఏవి లేస్తాయని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

"నలభై పెట్టెలున్నాయి. తెల్లారేలోగా నేనిక్కణ్ణుంచి వెళ్లిపోవాలి."

బాబాయి కళ్లు మూసుకున్నాడు. దెయ్యాలన్నీ తెల్లారేలోగానే వెళ్లిపోవాలంటాయి. తను తీసిన గోతిలో తనే పడటమంటే ఇదేనని ఆయనకు అర్థమైంది. పిన్ని చెప్పినట్టు ఇల్లు వెతుక్కుంటూ రాలేదు, దారిలోనే కాపు కాసింది. అంతే తేడా.

"బాబాయ్? నువ్వు కూడలిలో గాలి బాబాయివి కదూ?"

ఆ పలకరింపు మాత్రం దెయ్యంలా లేదు. ఒక కన్ను తెరిచాడు. ఆకారం రెండు చేతులతో నల్లటి వల పైకెత్తి టోపీ మీద వేసుకుంది. కింద నలభయ్యేళ్ల ఆడమనిషి ముఖం, చెమటతో తడిసిపోయి ఉంది. ఒక బుగ్గ బూరెలా వాచింది.

దెయ్యానికి చెమట పట్టదు. బుగ్గ అసలు వాయదు. బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు.

"నీ దుంపతెగ... ఎవరమ్మా నువ్వు?"

"తేనెటీగలు పెంచుతాను బాబాయ్. మెల్లగా మాట్లాడు."

రోడ్డు పక్కన చిన్న ట్రక్కు ఒరిగి ఉంది. నిండా చెక్క పెట్టెలు, ఒక్కోదాని మీద ఒకటి పేర్చి తాళ్లతో కట్టి ఉన్నాయి. మూలుగు వాటిలోంచే వస్తోంది. ఎర్ర కన్ను టార్చిలైటు. ఎరుపు ఈగలకు కనిపించదని దానికి ఎర్ర కాగితం చుట్టింది. పొగ, ఈగల్ని శాంతపరిచే పొగడబ్బాది. తెల్లబట్టలు కుట్టకుండా. గుసగుస అలవాటు. పదేళ్లుగా ఈగల మధ్య బతికే మనిషి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడదట. ఈగల్ని పగలు తరలించడానికి వీల్లేదు, అన్నీ పెట్టెలకు చేరేది రాత్రే. అందుకే ఈ వేళకు ఈ దారిలో ఉంది.

"పొద్దుతిరుగుడు చేను ఇంకా రెండు గంటల దారి. పెట్టెల వాకిళ్లకు జాలీలు బిగించేశాను. ఎండ పడిందంటే లోపలే ఉడికిపోతాయి బాబాయ్. ఒక్కో పెట్టెలో ఎన్ని వేల ప్రాణాలో... మూడింటికల్లా కదలకపోతే అన్నీ పోతాయి. స్టెప్నీ పొద్దున్నే వేసేశాను. ఫోను చచ్చిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడిది."

బాబాయి వంగి చూశాడు. వెనక చక్రం ఎడమది. చిల్లు లేదు. టైరు అంచు, మెకానిక్కులు బీడింగనేది, రిమ్ములోంచి పూర్తిగా జారి వేలాడుతోంది.

"మలుపు మరీ అంత బిగించి తిప్పావేంటి తల్లీ? కల్వర్టు రాయికి ఒరుసుకుంది చూడు."

"భయంతో బాబాయ్. ఇక్కడ గాలి తాగేవాడున్నాడుగా. నెమ్మదిస్తే వస్తాడంటారుగా. అందుకే గబుక్కున తిప్పేశా."

బాబాయి చక్రం మీదికి మరింత వంగాడు.

"వాడి భయానికే ఆరేళ్లుగా చుట్టుదారిలో పోయేదాన్ని, ఇటు రావడం ఇదే మొదలు. రెండు గంటలెక్కువ. నిరుడు ఒకసారి అలాగే ఆలస్యమై ఆరు పెట్టెలు పోయాయి. మూత తీస్తే..." ఆవిడ పెట్టెల వైపు చూసింది. "మూత తీస్తే చప్పుడు లేదు బాబాయ్. ఎప్పుడూ మోగే పెట్టె చప్పుడు లేకుండా ఉంటే ఎలా ఉంటుందో చెప్పలేను."

బాబాయికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, నేలలోకి కుంగిపోవాలనిపించేంత సిగ్గు. తన నోటిదురద ఎక్కడో ఒక ఆడమనిషి చేత ఆరేళ్లు చుట్టుదారి తిప్పిందనీ, పాపం ఎరగని ప్రాణుల్ని చంపిందనీ ఆయన కలలో కూడా అనుకోలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. తెరిచి, "జాకీ పెడదాం," అన్నాడు.

చక్రం లేపారు. బీడింగులో ఇరుక్కున్న గడ్డీ మట్టీ వేలితో లాగి, రిమ్ము చుట్టూ తుడిచాడు. సబ్బు పలుకుని ఆవిడ సీసాలో నీళ్లతో రుద్ది అంచంతా పూశాడు. వాల్వులోంచి పిన్ను తీసేశాడు, గాలి దారి వెడల్పవుతుందని. పంపు తగిలించి కొట్టాడు. ఇరవై కొట్లు. ముప్ఫై. కొట్టినదల్లా అంచు సందుల్లోంచి బుస్సున బయటికే పోయింది.

"నిజంగానే తాగుతున్నాడు బాబాయ్," అంది ఆవిడ, పంపుహౌసు వైపు చూస్తూ.

"ఎవడూ తాగట్లేదు, నువ్వూరుకో."

ఇలాంటప్పుడు బాబాయి దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. టైరు లోపల కాస్త పెట్రోలు చిలకరించి అగ్గిపుల్ల గీస్తే, భుగ్గుమని లోపలి గాలి ఉబ్బి టైరు ఒక్క దూకు దూకి రిమ్ములో కూర్చుంటుంది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. బాబాయికి ఎడమ కనుబొమ్మ లేకపోవడానికి కారణం కూడా అదే. ఆ కనుబొమ్మ పోయిన రోజున పిన్ని ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి పారేసింది. ఆయన ఇంకోటి కొనుక్కున్నాడు.

చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది.

"ఏంటది?" అంది ఆవిడ.

చెప్పాడు.

"నా పెట్టెలు చెక్కవి. లోపలంతా మైనం. పైన పొగడబ్బాలో నిప్పుంది. కొరివితో తల గోక్కుంటామా బాబాయ్?"

అగ్గిపెట్టె మళ్లీ జేబులోకే పోయింది. టైం చూశాడు. ఒకటిన్నర.

ఇంక మిగిలింది గురువుగారు నేర్పిన పాత పద్ధతి. టైరు నడుం చుట్టూ తాడు బిగించి, అందులో కమ్మీ దూర్చి మెలిపెడితే నడుం లోపలికి నొక్కుకుంటుంది. అంచులు రెండూ బయటికి తెరుచుకుని రిమ్ముకి ఆనుకుంటాయి. అప్పుడు గబగబా కొట్టిన గాలి లోపలే ఉండిపోతుంది.

"తాడు కావాలి."

ఉన్న తాళ్లన్నీ పెట్టెలకే కట్టి ఉన్నాయి. ఒకటి విప్పింది. జాకీ మీద లేచిన బండి అసలే కుడివైపు ఒరిగి ఉందేమో, ఆ వైపు పై వరుస పెట్టెలు కిర్రుమని కదిలాయి. లోపల మూలుగు ఒక్కసారి పెరిగింది. ఆవిడ బండెక్కి, అవతలి వైపు నిలబడి, రెండు చేతులూ చాచి పెట్టెలకు అడ్డంగా ఆనుకుంది.

"నువ్వు కానీ బాబాయ్. నేను పట్టుకుంటా."

బాబాయి తాడు చుట్టి మెలిపెట్టాడు. టైరు నడుం సన్నబడింది. అంచులు రిమ్ముని తాకాయి. కానీ కమ్మీ వదిలితే మెలి గిర్రున విడిపోతుంది, పట్టుకుంటే పంపు కొట్టడానికి చెయ్యి లేదు. భుజం మీది తుండుతో కమ్మీని కట్టి పంపు దగ్గరికి పోయాడు. అయిదో కొట్టుకి ముడి జారింది. కమ్మీ తిరిగొచ్చి మోకాలి మీద ఠపీమని కొట్టింది. ఆ నొప్పికి కేక పెట్టడానికి కూడా వీల్లేదు, ఈగలు లేస్తాయి. నోట్లో తుండు కుక్కుకుని కాసేపు కుంటుతూ తిరిగాడు.

రెండు దాటింది.

మళ్లీ మెలిపెట్టాడు. ఈసారి రెండు చేతులతో కమ్మీని అదిమి, ఛాతీ టైరుకి ఆనించి, తల వంచేశాడు. కళ్ల ముందు నల్లటి రబ్బరు తప్ప ఏమీ లేదు. ఇంతకంటే బిగువు రాదని తెలుసు. ఇప్పుడు కొట్టాలి. ఇప్పుడే.

"ఒక్క నిమిషం దిగి నాలుగు కొట్లు కొట్టు తల్లీ," అన్నాడు గుసగుసగా, తల ఎత్తకుండానే. "పెట్టెలు ఆగుతాయిలే. ఇదొక్కసారే."

ఒక క్షణం ఏమీ లేదు. పెట్టెల మూలుగొక్కటే.

తర్వాత వెనకనుంచి...

హుస్... హుస్... హుస్...

పంపు పలికింది. తొందర లేదు, తడబాటు లేదు. పిడి అడుగంటా దిగి, నిండుగా లేచి, మళ్లీ దిగుతోంది. టైరు లోపల గాలి కదలడం బాబాయి ఛాతీకి తెలిసింది.

"అద్దీ... అలాగే! ఆపకు. చెయ్యి తిరిగినదానివే తల్లీ నువ్వు!"

హుస్... హుస్... హుస్...

దూరంగా ఒక మోటారుసైకిలు లైటు మలుపు దాకా వచ్చింది. వచ్చి, గిర్రున తిరిగి, వచ్చినదానికి రెట్టింపు వేగంతో వెనక్కి పోయింది. బాబాయి తల ఎత్తలేదు. టైరు ఉబ్బుతోంది. తాడు కిర్రుమంటోంది. ఆయన కమ్మీని కొద్దికొద్దిగా వదులుతున్నాడు...

టప్!

ఒక అంచు కూర్చుంది.

హుస్... హుస్...

టప్!

రెండోది.

"చాలు, ఆపు!"

పంపు ఆగింది. బాబాయి గబుక్కున పంపు గొట్టం లాగేసి, వాల్వు మీద బొటనవేలు పెట్టి, పిన్ను బిగించి, నేల మీద చతికిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగవల్ల అనుకుందాం. వెనక్కి తిరిగి చూస్తే పంపు ఒక్కటే నిలబడి ఉంది. ఆవిడ అప్పుడే బండి మీదికి చేరి పెట్టెల్ని పట్టుకుని ఉంది. ఎంత చురుకు, ఎంత బెంగ అనుకున్నాడు.

"కూర్చుందా బాబాయ్?" అంది పైనుంచి.

"కూర్చుంది తల్లీ, కూర్చుంది!"

తాడు మళ్లీ పెట్టెలకు కట్టేసి, మిగతా గాలి ఇద్దరూ వంతులవారీగా కొట్టారు. ఆవిడ పది కొట్లకే రొప్పింది. పిడి సగం కూడా దిగలేదు, మోచేతులు వంకరపోయాయి. ఇందాక అంత బాగా కొట్టిన మనిషి కదా, అలిసిపోయి ఉంటుందని బాబాయి పంపు తనే తీసుకున్నాడు. మూడుకి అయిదు నిమిషాలుందనగా ట్రక్కు కదిలింది. బాబాయి స్కూటరు, ఏమీ ఎరగనట్టు, ఒక్క తన్నుకే స్టార్టయింది. కూడలి దాకా ఆవిడకు దారి చూపిస్తూ ముందు నడిచాడు. ఆ హడావుడిలో గురువుగారి పంపు రోడ్డు పక్కనే మర్చిపోయాడు.

పొద్దున కొట్టు తెరవగానే నలుగురు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. బాబాయి కుంటుకుంటూ వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు. రాత్రంతా నిద్రలేదు, ఆరు పెట్టెల సంగతే గుర్తొచ్చింది.

"అందరూ వినండిరా. పంపుహౌసు మలుపులో దెయ్యం లేదు. నేనే కల్పించా. తప్పయింది."

పిన్ని చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. డ్రైవర్లు ఒకరినొకరు చూసుకుని ఫక్కున నవ్వారు.

"నువ్వు కల్పించడమేంటి బాబాయ్! నిన్న రాత్రి మా బావమరిది కళ్లారా చూశాడు," అన్నాడు ఒకడు. "జ్వరంతో పడుకున్నాడు. ఒకటి కాదట, మూడు దెయ్యాలట. తెల్లది బండి మీద చేతులు చాపి నిలబడింది. ముసలిది చక్రానికి ఉరేస్తోంది. మూడోది వంగుతూ లేస్తూ, వంగుతూ లేస్తూ..."

బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ముసలిది నేనేరా! తెల్లది తేనెటీగలావిడ. మూడోది మీ బావమరిది చేర్చాడు. దెయ్యం కథ చేతికొస్తే ప్రతివాడూ ఒకటి చేరుస్తాడు, నాకు తెలీదేంటి?"

రాత్రి జరిగినదంతా చెప్పాడు, మోకాలి దెబ్బతో సహా. వాళ్లు సగం నమ్మారు.

పదకొండింటికి ట్రక్కు వచ్చి ఆగింది, ఖాళీగా. తేనెటీగలావిడ దిగింది. పగటి వెలుగులో మామూలు చీరలో ఉంది, బుగ్గ వాపు కాస్త తీసింది. బాబాయి చేతిలో తేనె సీసా పెట్టి, ఆ చేతిని కళ్లకద్దుకుంది.

"నలభైకి నలభై బతికాయి బాబాయ్. జాలీలు తీస్తుంటే అప్పుడే తెల్లారింది. చేను మీదికి ఎలా పోయాయో చూడాల్సింది."

బాబాయి సీసా బల్ల మీద పెట్టాడు. ఆరు పెట్టెల అప్పు ఇలా తీరేది కాదని తెలుసు. అయినా ఈ నలభై ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టు చేశాయి. ఆవిడకు కూడా దెయ్యం సంగతి చెప్పి క్షమించమందామనుకున్నాడు.

ఇంతలో ఆవిడే అంది, "ఒక్కటి అడగాలని దారంతా అనుకున్నా. రెండు చేతులూ కమ్మీ మీదుంటే పంపు ఎలా కొట్టావు బాబాయ్? కాళ్లతోనా?"

బాబాయి నవ్వాడు. "నువ్వే కదమ్మా కొట్టింది."

"నేనా?"

"దిగి కొట్టమన్నానుగా."

"అన్నావు. నేనెక్కడ దిగాను? చెయ్యి తీస్తే పెట్టెలు మీద పడేవి. దిగలేను బాబాయ్ అని చెబుదామనుకునేలోపే పంపు మోగింది. నువ్వే ఎలాగో తంటాలు పడుతున్నావనుకుని ఊరుకున్నా."

బాబాయి నవ్వు సగంలో ఆగింది. రోడ్డు మీద ఒక బండి పోయింది.

"మూడోది..." అని మొదలుపెట్టిన డ్రైవరు మాట మింగేశాడు.

పిన్ని టీ గ్లాసు మెల్లగా కింద పెట్టింది.

"పంపు ఆపరేటరు అని నువ్వే చెప్పావుగా," అంది మొగుడితో. "పంపు కొట్టడం వాడికి ఒకరు నేర్పాలా?"

ఆ తర్వాత బాబాయి దెయ్యం ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. ఆ దారిన పోయేవాళ్లకు మాత్రం ఒక మాట చెబుతాడు. అక్కడ భయపడి తొందరపడొద్దు, మలుపు నెమ్మదిగా తిప్పండి, ఏదైనా అయితే పంపు అక్కడే ఉంది అని. తేనెటీగలావిడ ఇప్పుడు చుట్టుదారిలో పోవడం లేదు.

గురువుగారి పంపు సంగతంటారా, రోడ్డు పక్కన వదిలిందాన్ని ఎవరో పంపుహౌసు గోడకు ఆనించి, వాన తగలకుండా చూరు కింద పెట్టారు. చువ్వలు కూడా మిగల్చని దొంగలు దాన్ని ముట్టుకోలేదు. బాబాయి కూడా తెచ్చుకోలేదు. ఎందుకని పిన్ని అడిగితే, "కూలి అడగని మనిషి దగ్గర పనిముట్టు లాక్కోకూడదే," అంటాడు.